నూరు కిలోవాట్ల పొరుగున చిన్న యాంటెన్నా

సందేహాలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విశాఖపట్నం నుంచే. అందరిదీ ఒకటే బాధ: పొడుగాటి తీగ కట్టడానికి చోటు లేదు, అపార్ట్‌మెంటు సంఘం ఒప్పుకోదు, అందుకని చిన్న యాక్టివ్ యాంటెన్నా, అంటే తనలోనే ఆంప్లిఫయర్ ఉన్నదాని మీద పడ్డారు. పడ్డాక సందేహాలు మొదలయ్యాయి. ఒకేలాంటి ఉత్తరాలను కలిపి, జవాబుకు విషయం ఉన్నవి ఇక్కడ ఇస్తున్నాం.

*ఎంవీపీ కాలనీ నుంచి: నాలుగో అంతస్తు బాల్కనీలో యాక్టివ్ విప్ పెట్టి ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్‌తో వింటున్నాను. మన ఆకాశవాణి 927లోనే కాకుండా 1854లోనూ, 2781లోనూ, షార్ట్‌వేవ్‌లో ఎక్కడ తిప్పితే అక్కడా వినిపిస్తోంది. ఇది ట్రాన్స్‌మిటర్ లోపమా? ఎవరికి ఫిర్యాదు చేయాలి?*

ఎవరికీ అక్కర్లేదండీ. లోపం మీ బాల్కనీలోనే ఉంది.

ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం 1963 నుంచి ఉంది. మీడియం వేవ్ మీద 927 కిలోహెర్ట్జ్, 100 కిలోవాట్లు. అంత పవర్ ఉన్న ట్రాన్స్‌మిటర్‌కు 5 కిలోమీటర్ల దూరంలో విద్యుత్ క్షేత్రం మీటరుకు సుమారు 0.6 వోల్టులు ఉంటుంది. దూరపు స్టేషన్లను మనం మైక్రోవోల్టుల్లో వెతుక్కుంటాం. ఎత్తులో పెట్టిన విప్ (పొట్టి నిలువు కడ్డీ) ఆ 0.6ను పట్టుకుని తన ఆంప్లిఫయర్‌కు వోల్టు దాకా అందిస్తుంది. ప్రసారంలో గొంతు పెరిగినప్పుడు, అంటే మాడ్యులేషన్ శిఖరాల్లో, అది రెట్టింపవుతుంది. ఆంప్లిఫయర్ అక్కడ వంకర్లు పోతుంది. 927కు రెట్టింపు 1854, మూడు రెట్లు 2781. మీకు వినిపిస్తున్నవి సరిగ్గా అవే. షార్ట్‌వేవ్‌లో ఇంకో గుర్తు చూడండి. బలమైన స్టేషన్ ఏదైనా పట్టుకుని, దానికి 927 కిలోహెర్ట్జ్ పైనా కిందా వెతకండి. అక్కడ దాని దెయ్యం కనిపిస్తే, రెండు సిగ్నళ్లూ మీ పరికరాల్లోనే కలిశాయన్నమాట. ఆకాశవాణి వాళ్ల టవరు ఎక్కడో విదేశీ స్టేషన్‌ను తనలో కలుపుకుని పంపదు కదా.

ఇంతకీ వంకర పోయేది యాంటెన్నా ఆంప్లిఫయరా, ఎస్‌డీఆరా? ఇది తేల్చకుండా ఫిల్టర్లు కొనడం డబ్బు దండగ. రెండింటి మధ్యా 10 డీబీ అటెన్యుయేటర్ పెట్టి 1854 వైపు చూడండి. అది 20 డీబీ పడిపోతే దోషి ఎస్‌డీఆర్. 10 మాత్రమే పడితే దోషి అంతకు ముందున్న ఆంప్లిఫయర్. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ 8 బిట్లది. బలమైనదాన్నీ బలహీనమైనదాన్నీ కలిపి చూడగల దాని శక్తి 50 డీబీకి అటూ ఇటూ, అంతే. కాబట్టి మీ విషయంలో రెండూ దోషులే అయినా నేను ఆశ్చర్యపోను.

ఎస్‌డీఆర్ అయితే చికిత్స చవక. 150 మైక్రోహెన్రీల కాయిల్‌కు, పాత ట్రాన్సిస్టర్ రేడియోలోంచి తీసిన గ్యాంగ్ కండెన్సర్‌ను సీరీస్‌లో కలిపి, ఎస్‌డీఆర్ ఇన్‌పుట్ దగ్గర సిగ్నల్ తీగకూ గ్రౌండ్‌కూ మధ్య పెట్టండి. గ్యాంగ్‌ను 197 పికోఫారడ్ల దగ్గరకు తెస్తే 927 దాని గుండా గ్రౌండ్‌లోకి జారిపోతుంది. లెక్క చూసుకోనక్కర్లేదు, స్క్రీన్ మీద 927 గీత కుంగిపోయేదాకా తిప్పితే చాలు. ఒక జాగ్రత్త: కోక్సియల్ మీద 12 వోల్టులు వెళ్తుంటే ఇది ఆ వోల్టులను కేబుల్‌లోకి ఎక్కించే బయాస్ టీకి ఎస్‌డీఆర్ వైపు ఉండాలి.

ఆంప్లిఫయరే దోషి అయితే ఈ కాయిల్-కండెన్సర్ ట్రాప్ పనికిరాదు, నష్టం ముందే జరిగిపోయింది. విప్‌ను సగానికి కోసి చూడండి. అప్పటికీ తగ్గకపోతే లూపుకు మారండి. మీటరు వ్యాసం ఉన్న లూపులో అదే 0.6 క్షేత్రం పుట్టించేది 9 మిల్లీవోల్టులే. పైగా లూపుకు విప్‌కు లేని సుగుణం ఒకటుంది, దాన్ని తిప్పవచ్చు. లూపు అంచు స్టేషన్ వైపు ఉంటే సిగ్నల్ ఎక్కువ, ముఖం స్టేషన్ వైపు తిరిగితే దాదాపు సున్నా. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు. 927కు ముఖం చూపించండి, పీడ సగం విరగడవుతుంది.

*ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థి: 927 కిలోహెర్ట్జ్‌కు తరంగ దైర్ఘ్యం 323 మీటర్లు. క్వార్టర్ వేవ్ అన్నా 80 మీటర్లు. మీటరు లూపు ఎలా సరిపోతుంది? నేను 10 చుట్లతో చేశాను, 1 చుట్టుతో చేసిన మిత్రుడి లూపు కన్నా అధ్వానంగా ఉంది. ఎందుకు?*

మంచి ప్రశ్న. ప్రొఫెసర్ బి. రామచంద్రరావు గారు అయనోస్ఫియర్ పరిశోధన పెంచి పోషించిన విశ్వవిద్యాలయం మీది, కాబట్టి కొంచెం లెక్కతోనే చెబుతాను.

పంపడానికీ వినడానికీ తేడా ఉంది. పంపేటప్పుడు యాంటెన్నా సామర్థ్యం ఎంత తగ్గితే అంత పవర్ వేడిగా పోతుంది. వినేటప్పుడు కావలసింది సిగ్నల్‌కూ నాయిస్‌కూ మధ్య నిష్పత్తి. 30 మెగాహెర్ట్జ్ కింద నాయిస్ బయటి నుంచే వస్తుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం (ఐటీయూ) పి.372 సిఫార్సు ప్రకారం నివాస ప్రాంతంలో మనుషులు పుట్టించే నాయిస్, వేడి వల్ల పుట్టే సహజ నాయిస్ కంటే 1 మెగాహెర్ట్జ్ దగ్గర 72 డీబీ, 10 మెగాహెర్ట్జ్ దగ్గర 45 డీబీ పైన ఉంటుంది. చిన్న యాంటెన్నా సిగ్నల్‌ను 50 డీబీ తగ్గిస్తే ఆ బయటి నాయిస్‌నూ 50 డీబీ తగ్గిస్తుంది, నిష్పత్తి చెక్కుచెదరదు. ఆంప్లిఫయర్ సొంత నాయిస్ ఆ మిగిలినదాని కింద ఉంటే చాలు. యాంటెన్నా కలపగానే రిసీవర్‌లో హోరు 6 నుంచి 10 డీబీ పెరిగిందా? అయితే మీ యాంటెన్నా సరిపోయినట్టే. ఆపైన ఎంత గెయిన్ పెంచినా పెళ్లి పందిట్లో గోల మధ్య మైకు సౌండు పెంచినట్టే.

ఇక చుట్లు. లూపులో పుట్టే వోల్టేజీ ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది. లూపు ఇండక్టెన్స్ చూపే అడ్డంకీ ఫ్రీక్వెన్సీతో పాటే పెరుగుతుంది. రెండు కొసలనూ షార్ట్ చేస్తే పారే కరెంటు వోల్టేజీని అడ్డంకితో భాగించినంత. పైనా కిందా ఉన్న ఫ్రీక్వెన్సీ కొట్టుకుపోతుంది! అంటే ట్యూనింగ్ కండెన్సర్ అక్కర్లేకుండా లాంగ్‌వేవ్ నుంచి షార్ట్‌వేవ్ పైకొస దాకా ఒకే తీరున పనిచేసే యాంటెన్నా దొరికింది. ఆంప్లిఫయర్ చేయవలసిందల్లా లూపుకు షార్ట్ సర్క్యూట్‌లా కనిపిస్తూ ఆ కరెంటును చదవడం. బల్గేరియా హామ్ చావ్‌దార్ లెవ్‌కోవ్, కాల్‌సైన్ ఎల్‌జెడ్1ఏక్యూ, ఈ పద్ధతిని ఇంట్లో కట్టుకునేవాళ్లకు బాగా అందుబాటులోకి తెచ్చారు.

ఇప్పుడు మీ 10 చుట్ల సంగతి. వోల్టేజీ 10 రెట్లయింది, బాగానే ఉంది. ఇండక్టెన్స్ మాత్రం చుట్ల వర్గంతో పెరుగుతుంది, 100 రెట్లయింది. కరెంటు పదో వంతుకు పడిపోయింది. కండెన్సర్‌తో ట్యూన్ చేసే పాత ఫ్రేమ్ యాంటెన్నాకు చుట్లు మేలు, దీనికి చేటు. మీ మిత్రుడిదే సరైన దారి.

కావలసింది వైశాల్యం ఎక్కువ, ఇండక్టెన్స్ తక్కువ. మీటరు వ్యాసంలో 2 మిల్లీమీటర్ల తీగతో లూపు చేస్తే దాదాపు 4 మైక్రోహెన్రీలు వస్తుంది. అదే 16 మిల్లీమీటర్ల గొట్టంతో చేస్తే సుమారు 2.6. మూడో వంతు ఆదా. ఏసీ మెకానిక్‌ల దగ్గర 5/8 అంగుళం రాగి గొట్టం ముక్కలు మిగిలిపోతుంటాయి, అదే ఈ 16 మిల్లీమీటర్ల గొట్టం. 3.2 మీటర్లు అడగండి. రాగి ధర చూసి గుండె ఆగితే, లోపల అల్యూమినియం పొర ఉన్న కాంపోజిట్ నీళ్ల పైపు తీసుకోండి, అదీ పనిచేస్తుంది. ఇంకా కావాలంటే రెండు లూపులు అడుగు ఎడంగా పెట్టి పారలల్‌గా కలపండి. ఆనించి పెడితే ఒకదాని అయస్కాంత క్షేత్రం రెండోదానిలోకి వెళ్లి లాభం పోతుంది.

ఆంప్లిఫయర్‌కు ఖరీదైన 2ఎన్5109 దొరక్కపోతే దిగులు వద్దు, లోహపు టోపీ ఉన్న 2ఎన్2222ఏ ట్రాన్సిస్టర్లు రెండు చాలు. కామన్ బేస్, పుష్-పుల్. ఒక్కోదానిలో 25 మిల్లీఆంపియర్లు పారనిస్తే ఎమిటర్ నిరోధం ఒక్కోటీ ఓము, తక్కినవన్నీ కలిపి ఇన్‌పుట్ 3 ఓములకు అటూ ఇటూ. 2.6 మైక్రోహెన్రీల లూపు 927 దగ్గర చూపే అడ్డంకి 15 ఓములు కాబట్టి లూపు షార్ట్ అయినట్టే. ఈ లెక్కన 180 కిలోహెర్ట్జ్ పైనంతా సమంగా ఉంటుంది. పుష్-పుల్ ఎందుకంటే, రెండు సగాలూ సమానంగా ఉంటే 1854 లాంటి రెట్టింపు వంకరలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ట్రాన్సిస్టర్లను మల్టీమీటర్‌లో గెయిన్ చూసి జతపరచండి.

మీ మిత్రుడికి కూడా ఒక మాట చెప్పండి. మీటరు లూపు చుట్టుకొలత 3.14 మీటర్లు. అది సుమారు 95 మెగాహెర్ట్జ్‌కు సరిగ్గా ఒక తరంగ దైర్ఘ్యం, ఊళ్లో ఎఫ్ఎం స్టేషన్లున్న పట్టీ నడిమధ్య. షార్ట్‌వేవ్ కోసం చేసిన లూపు మనకు చెప్పకుండానే చక్కటి ఎఫ్ఎం యాంటెన్నా అయి కూర్చుంటుంది. 30 మెగాహెర్ట్జ్ దగ్గర కోసే లో-పాస్ ఫిల్టర్ ఇన్‌పుట్‌లోనే ఉండాలి.

*ఉక్కునగరం నుంచి: రాత్రిళ్లు మీడియం వేవ్ అంతా గర్రుమంటోంది. స్టీల్ ప్లాంటు పక్కన ఉన్నాం కనుక ఇక మాకు రేడియో యోగం లేదా?*

ప్లాంటును ఆడిపోసుకోకండి. అక్కడి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ మూడూ బ్లాస్ట్ ఫర్నేసులు, కోక్‌తో ఇనుము కరిగించేవి. రేడియోకు నిజంగా శత్రువులైన ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేసుల జాతి వేరు. రోలింగ్ మిల్లుల్లో పెద్ద మోటార్ల డ్రైవులు ఉంటాయి, నిజమే, కానీ వాటి గోల దూరంతో వేగంగా పడిపోతుంది. ముందు బ్యాటరీతో నడిచే రేడియో పట్టుకుని మీ ఇంటి మెయిన్ ఆపేయండి. హోరు పోయిందా, దొంగ ఇంట్లోనే. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్, ఈమధ్య బీఎల్‌డీసీ ఫ్యాన్లు. ఒక్కొక్క స్విచ్చూ వేస్తూ పట్టుకోండి.

పోలేదూ, చిటపటమనే శబ్దం, పెద్ద వాన పడిన మర్నాడు మాయం: అది కరెంటు స్తంభాల మీది ఇన్సులేటర్లు. సముద్రపు ఉప్పు, దుమ్ము వాటి మీద పేరుకుని సన్నగా స్పార్క్ అవుతుంటాయి, వాన కడిగేస్తుంది. రేడియోతో నడిచి ఏ స్తంభమో పట్టుకుని కరెంటు వాళ్ల 1912 నంబరుకు చెప్పండి. స్తంభం నంబరు ఇస్తే పని త్వరగా అవుతుంది.

అసలు విషయం ఇంకోటి. ఇంట్లోని నాయిస్ యాంటెన్నాలోకి గాలిలోంచి వచ్చేది తక్కువ, మీ కోక్సియల్ కేబుల్ పైతొడుగు మీద పాకి వచ్చేది ఎక్కువ. రెండు పిన్నుల చైనా అడాప్టర్‌తో పవర్ ఇస్తే అది తన గోలను కేబుల్ పొడవునా డాబా దాకా మోసుకెళ్లి యాంటెన్నాకు అప్పగిస్తుంది. బరువుగా, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత బ్యాటరీ ఎలిమినేటర్ వాడి, వెనక 7812 రెగ్యులేటర్ పెట్టండి. కేబుల్‌ను పెద్ద ఫెరైట్ రింగులో రిసీవర్ దగ్గర పది పన్నెండు చుట్లు, యాంటెన్నా కింద మరో పది చుట్లు వేయండి. నన్నడిగితే ఆంప్లిఫయర్ మీద పెట్టే రూపాయి కన్నా ఈ రింగుల మీద పెట్టే రూపాయికి ఫలితం ఎక్కువ. కేబుల్ మాత్రం డిష్ టీవీకి వాడే ఆర్‌జీ-6 చాలు. 75 ఓములు, 50 ఓములు అని ఇక్కడ తర్కించుకోనక్కర్లేదు.

(విద్యుత్ పరికరాల ఇలాంటి గోలను కొలిచి పరీక్షించే సమీర్ సంస్థ కేంద్రం మన గంభీరంలోనే ఉంది. పరికరాలు తయారుచేసే పాఠకులకు అది తెలిసి ఉండటం మంచిది.)

*ఫిషింగ్ హార్బర్ నుంచి, బోటు యజమాని: వేటకెళ్లినప్పుడు వాతావరణ వార్తలు వినడానికి బోటు మీద యాక్టివ్ యాంటెన్నా పెట్టమంటారా?*

వద్దు. మీడియం వేవ్ ఉప్పునీటి మీద నేల మీదకన్నా చాలా దూరం పోతుంది. మామూలు ట్రాన్సిస్టర్ లోపలి ఫెరైట్ కడ్డీయే చాలు. ఇంజను నడుస్తుండగా గరగరలాడితే ఆల్టర్నేటర్ దోషం, వార్తల వేళకు కాసేపు ఇంజను ఆపి వినండి. రేడియోను అడ్డంగా తిప్పి చూస్తే ఎటువైపు బాగా పలుకుతుందో తెలుస్తుంది. మిగిలే డబ్బుతో సెల్లులు ఇంకో జత కొనుక్కోండి.

*భీమిలి నుంచి: 18.2 కిలోహెర్ట్జ్ దగ్గర నేవీ సిగ్నల్ కనిపిస్తుందని మిత్రులు చెప్పారు. మీటరు లూపుతో నాకు కనిపించడం లేదు. ఎందుకు?*

పైన విద్యార్థికి చెప్పిన 180 కిలోహెర్ట్జ్ హద్దే కారణం. దాని కింద లూపు కరెంటు తగ్గుతూ పోతుంది, 18.2 దగ్గర పదో వంతే మిగులుతుంది. అక్కడ విప్‌దే పైచేయి. నెదర్లాండ్స్ హామ్ రూలోఫ్ బాకర్ (పీఏ0ఆర్‌డీటీ) రూపొందించిన మినీ-విప్ అరచేతిలో పట్టే రాగి పలక, వెనక జే310 ఫెట్, ఆపైన 2ఎన్5109. 10 కిలోహెర్ట్జ్ నుంచి 20 మెగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది. ట్వెంటె విశ్వవిద్యాలయంలో ప్రపంచమంతా వినే వెబ్‌ఎస్‌డీఆర్‌కు అదే చెవి.

ఆ విశ్వవిద్యాలయానికే చెందిన పీటర్-టియర్క్ డి బూర్ దీని గుట్టు విప్పారు. పలక ఒక్కటే యాంటెన్నా కాదు, దానికింద నేలకు దిగే స్తంభమో కేబులో రెండో సగం. అందుకే మినీ-విప్‌ను పీవీసీ పైపు మీద పెట్టి, కేబుల్‌ను తిన్నగా ఇంట్లోకి దించితే మీ ఇంటి ఎర్త్‌లోని మురికి అంతా యాంటెన్నాలో సగమైపోతుంది. స్తంభం అడుగున కేబుల్ తొడుగును విడిగా పాతిన ఎర్త్ కడ్డీకి కలిపి, అక్కడి నుంచి ఫెరైట్ రింగు దాటించి ఇంట్లోకి తీసుకెళ్లండి. డాబా మీద కన్నా పెరట్లో పెట్టడం మేలు. భీమిలిలో పెరళ్లు ఇంకా మిగిలే ఉన్నాయనుకుంటాను.

మీరు చూడబోయేది తిరునెల్వేలి జిల్లా విజయనారాయణంలోని ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ నుంచి వచ్చే సిగ్నల్. 1990లో మొదలైన ఆ కేంద్రం నీట మునిగి ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపుతుంది. రెండో కేంద్రానికి తెలంగాణలో వికారాబాద్ దగ్గర దామగుండంలో 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. 18.2 సిగ్నల్‌లోని సందేశం మనకు అర్థమయ్యేది కాదు, మన పనీ కాదు. ఆ గీత బలం మాత్రం సూర్యోదయ, సూర్యాస్తమయాల్లోనూ, సూర్యుడి మీద పెద్ద జ్వాల ఎగసినప్పుడూ మారుతుంది. ఆ మార్పును రోజూ గ్రాఫ్ గీయడం చక్కటి వ్యాపకం.

*మల్కాపురం నుంచి, విశ్రాంత నావికుడు: ఓడలకు హెచ్చరికలు పంపే నావ్‌టెక్స్ 518 కిలోహెర్ట్జ్ ఇంటి నుంచి పట్టవచ్చా?*

నిక్షేపంగా. మీటరు లూపు చాలు. కేంద్రాల వేళలు వాటి గుర్తు అక్షరాన్ని బట్టి ఉంటాయి, చెన్నై కేంద్రం అక్షరం పి కాబట్టి మన టైము ప్రకారం ఉదయం 8, మధ్యాహ్నం 12, సాయంత్రం 4, ఇలా నాలుగేసి గంటలకు దాని వంతు వస్తుంది, ఒక్కో వంతు 10 నిమిషాలు. కాకినాడ దగ్గర వాకలపూడిలోనూ నావ్‌టెక్స్ కేంద్రం ఉంది. రాత్రి వంతులు పట్టుకోండి, దూరపువి కూడా పడతాయి. లూపును డాబా మీది రేకుల షెడ్డుకు కనీసం రెండు మీటర్ల ఎడంగా పెట్టండి.

*గాజువాక నుంచి: ఆన్‌లైన్‌లో దొరికే ఎంఎల్ఏ-30 లాంటి చవక లూపు కొనమంటారా, కట్టుకోమంటారా? ఉప్పుగాలికి, పిడుగులకు ఏం చేయాలి?*

కొనండి, కానీ దాని సన్నటి తీగ పక్కన పడేసి రాగి గొట్టం తగిలించండి, సన్నటి కేబుల్ బదులు ఆర్‌జీ-6 వేయండి, ఫెరైట్ రింగులు పెట్టండి. అప్పటికీ ఓవర్‌లోడ్ అయితే ఆంప్లిఫయర్ సొంతంగా కట్టుకోండి. టంకం పట్టడం వచ్చినవాళ్లు ముందే ఆ పని చేస్తే మేలు.

ఉప్పుకు మందు రెండు మాటలు. రాగిని అల్యూమినియంకు నేరుగా బిగించకండి, మన గాలిలో ఆ కీలు తినేయబడుతుంది, ఆ కీలే ఆపైన కొత్త గోల పుట్టిస్తుంది. స్టెయిన్‌లెస్ స్క్రూలు, వాషర్లు, పైన గ్రీజు. ఆంప్లిఫయర్ పెట్టెకు కింది వైపు చిన్న రంధ్రం వదలండి, పూర్తిగా మూస్తే లోపల చెమ్మ పట్టి ఎక్కడికీ పోదు.

పిడుగుకు మాత్రం మందు లేదు. గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబ్ పెడితే దగ్గర్లో పడిన పిడుగు నుంచి కొంత రక్షణ, నేరుగా పడితే ఏదీ ఆపదు. ఉరుము వినగానే కేబుల్ రిసీవర్ నుంచి పీకి కిటికీ బయట వదిలేయండి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక రాగానే స్తంభం దించేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఊళ్లో కరెంటు, ఫోన్లు ఎన్ని రోజులు లేవో మీకు నేను చెప్పనక్కర్లేదు. అలాంటి రోజున పనికొచ్చేది డాబా మీది లూపు కాదు, సెల్లులతో నడిచే రేడియో. దాన్ని సిద్ధంగా ఉంచండి.

పాఠకులకు మనవి: ఉత్తరంలో ఎన్నో అంతస్తు, రిసీవర్ ఏది, పవర్ ఎక్కడి నుంచి ఇస్తున్నారు, మెయిన్ ఆపినప్పుడు ఏమైంది అన్న నాలుగు సంగతులు తప్పక రాయండి. అవి లేని ఉత్తరాలకు జవాబివ్వడం కష్టం.